ఆమోదం లేని జవాబు: పొట్నూరు సత్యవతి

మంగళవారం పొద్దున ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పొట్నూరు సత్యవతి గారు గుండెపోటుతో కన్నుమూశారు. ఆ దుర్వార్త చెప్పింది ఆమె భర్త అప్పారావు బావ. "అక్క లేదమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. ముందు రోజు సాయంత్రమే తాల్‌బగీచా బజారులో నా పక్కన నిలబడి వంకాయలు బేరమాడిన మనిషి! దిగ్భ్రాంతి తగ్గాక దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు. ఇక్కడ దాన్ని దాచదలచుకోలేదు.

రక్తసంబంధం లేకపోయినా ఆమె నాకు అక్క, గురువు. ఓ పెద్ద వంటపాత్రల కంపెనీ తరఫున సోషల్ మీడియాలో జనానికి జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. ఆ పనిని కంపెనీ కోల్‌కతాలోని ఒక ఏజెన్సీకి అప్పగించింది. ఏజెన్సీ మాలాంటివాళ్ల చేత ఇళ్ల నుంచే చేయిస్తుంది. పండుగ శుభాకాంక్షలు నెలల ముందే తయారై అన్ని భాషల్లోనూ ఒకే క్షణాన వెలువడతాయి. కింద ఎవరేం రాసినా, ముందుగా ఆమోదించిన వాక్యాల్లోంచి ఒకటి ఏరి పెట్టాలి. ఫిర్యాదు అయితే "మీరు మా కుటుంబ సభ్యులు, దయచేసి ఇన్‌బాక్స్‌లోకి రండి" అనాలి. అక్కడైతే ఆ గోడు నలుగురికీ కనబడదు.

తెలుగింట పుట్టి, బెంగాలీ బడిలో చదివి, ఒడియా ఇరుగుపొరుగు మధ్య పెరిగిన అక్క మూడు భాషల పేజీలూ ఒక్కతే చూసేది. "ఒలే, ఆళ్లేటి రాసినారో ముందు సదువు. జవాబు తర్వాత ఏరుకుందువు గాని" అని నాకు నేర్పింది.

భార్య పోయిన ఒక బెంగాలీ పెద్దాయన, కుక్కర్‌లో అన్నం ముద్దయిపోతోందని రాశాడు. అక్క నీళ్ల కొలత చెప్పి, మర్నాడు "కుదిరిందా దాదా?" అని సొంత అన్నను అడిగినట్టు అడిగింది. అది కంపెనీ మాటతీరు కాదని మేనేజర్ మందలించాడు. ఆప్యాయతకు కూడా అనుమతి కావాలి కాబోలు!

దుర్గాపూజల ముందు కొత్త కుక్కర్ ప్రకటన వచ్చింది. మూత ఎగిరిపడి చెయ్యి కాలిందని ఒడియా పేజీలో ఒక తల్లి రాసింది. కొద్దిరోజులకే బెంగాలీలో ఒకరు, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగులో ఒకరు అదే మాట రాశారు. ఒక్కో పేజీ లెక్క ఒక్కో చోటికి పోతుంది కనుక పైవాళ్లకు ఇవి మూడు చిన్న ఫిర్యాదులు. మూడూ చదివింది అక్క ఒక్కతే. నా ఎదుటే మేనేజర్‌కి ఫోన్ చేసి హిందీలో చెప్పింది.

"పండుగ అయ్యేదాకా ప్రకటన కింద ఏ గొడవా కనబడకూడదు దీదీ. ఇన్‌బాక్స్‌కి పంపండి" అన్నాడతను.

"చెయ్యి కాలితే గొడవా?"

"కుక్కర్ల సంగతి మనది కాదు. మనది జవాబులు రాసే పని."

అక్క ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "ఇన్నావేటే? మరి జవాబే రాసేత్తాను" అంది. కంపెనీ పేరుతోనే, ప్రకటన కిందనే, మూడు భాషల్లో రాసింది: "అమ్మా, ఈ కుక్కర్ పొయ్యి మీద పెట్టకండి. మూత ఎగిరిపోతోంది."

కాసేపటికే దాన్ని చెరిపేశారు. అప్పటికే జనం ఫొటోలు తీసి ఊరూరా పంపుకున్నారు. ఆ సాయంత్రమే, బ్రాండ్ ప్రతిష్ఠకు భంగం కలిగించిందంటూ అక్కను తొలగించారు. కొన్నాళ్లకు కంపెనీ ఆ కుక్కర్లను వెనక్కి తీసుకుని, "మీ భద్రతే మా పండుగ" అని కొత్త ప్రచారం మొదలుపెట్టింది. నవ్వుతున్న తల్లి బొమ్మ, అన్ని భాషల్లో, ఒకే క్షణాన! పొగిడినవాళ్లకు ధన్యవాదాలు పెట్టే పని నాకు పడింది. ఎంత సిగ్గులేనితనం!

"పోన్లే, కుక్కర్లు ఎనక్కి తీసుకున్నారు కదా. నాకింకేటి కావాలి?" అంది అక్క. ఆమెకు అది చాలింది. నాకు చాలదు. ఆమె మరణానికి వాళ్లే కారణమని నేననను; ఆమె నిర్భీతిని తమ దయగా అమ్ముకున్నారని మాత్రం అంటాను.

అంత్యక్రియల మర్నాడు బావ దగ్గర కూర్చుని ఉండగా మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. "దీదీ నవ్వుతున్న ఫొటో ఒకటి పంపు. మా కుటుంబ సభ్యురాలికి నివాళి అని ఏజెన్సీ పేజీలో పెడదాం. వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి."

బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరైన మనిషి, మితభాషి. సంగతి చెప్పగానే ఫోన్ అందుకున్నాడు. "బతికున్నప్పుడు ఆవిడ మాట సెరిపేసినారు. ఇప్పుడు మొగం కావాలా మీకు? ఇవ్వను, బాబూ."

అవతలి మనిషికి తెలుగు రాదు. ఫోన్ మళ్లీ నా చేతికొచ్చాక, బావ ఏమన్నాడో హిందీలో చెప్పమని నన్నడిగాడు. ఒక్క మాటా మెత్తబరచకుండా చెప్పాను. ఆ ఫోన్‌తోనే ఆ కొలువుకూ నాకూ చెల్లు.

అంతటి మనిషి మా సెటిల్‌మెంట్‌కి మళ్లీ దొరకదు. అక్కకు చేతులు జోడిస్తున్నాను. కోపం మాత్రం వదులుకోను.