లూకా చేతికి అందిన పాట

సికింద్రాబాద్‌లో క్రైస్తవుల ఇళ్లల్లో పెళ్లి కుదిరితే, హాలు మాట్లాడుకున్నాక చాలామంది వెళ్లేది మారేడ్‌పల్లిలో కాంతమణి టీచర్ ఇంటికే. ఆమె వారమంతా స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్పేది. సెలవు రోజుల్లో అకార్డియన్ భుజాలకు తగిలించుకుని, తన చిన్న బ్యాండుతో రిసెప్షన్లకు వాయించేది. ఆడమనిషి బ్యాండు నడపడమేంటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే, తమ ఇంట్లో పెళ్లికి ఆమెనే పిలుచుకున్నారు. ఎందుకంటే పెళ్లివారింట్లో కాసేపు కూర్చుని, వాళ్ల మాటలు విన్న తర్వాతే ఏ పాటలు వాయించాలో ఆమె తేల్చేది.

ఎనభైల మొదట్లో ఒకరోజు మెట్టుగూడ నుంచి ఆలిస్ అనే అమ్మాయి వచ్చింది. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. పెళ్లికొడుకు నోవహుది గుంటూరు.

"పాటలు వాళ్ల బాబాయి చెప్పిండు టీచర్. అన్నీ సినిమా పాటలే. నాకేం అభ్యంతరం లేదు. కానీ మా నాయినకు వినపడదు. జ్వరమొచ్చి చెవులు పోయినయి. అంతకుముందు చర్చి క్వయర్‌లో బేస్, అదే మంద్రం గొంతు, పాడేటోడు. ఇప్పుడు ఎక్కడన్న పాట షురూ అయితే లేచి బయటికి పోతడు. నా రిసెప్షన్‌ల సుత అట్లనే పోతడేమో."

కాంతమణి ఆ సాయంత్రమే మెట్టుగూడ వెళ్లింది. ఆలిస్ తండ్రి లూకా నవ్వుతూ కుర్చీ వేశాడు గానీ, అకార్డియన్ చూడగానే ముఖం తిప్పుకున్నాడు. ఆమె చొరవగా ఆయన చెయ్యి పట్టుకుని అకార్డియన్ పెట్టె మీద ఆనించి వాయించింది. సన్నని స్వరాలకు ఆయనలో చలనం లేదు. మంద్రానికి దిగేసరికి కనుబొమలు లేచాయి.

"ఇక్కడేదో కదులుతోందమ్మా!" అన్నాడు, ఇల్లంతా వినపడేంత గట్టిగా.

మరుసటి ఆదివారం ఆమె జకర్యాను వెంటబెట్టుకొచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో టైలరు, ఆమె బ్యాండులో బేస్ ఫిడేలు వాయించేవాడు. మనిషంత ఎత్తున్న ఆ ఫిడేలును రిక్షాలో పడుకోబెట్టి, పక్కన నడుస్తూ వచ్చాడు.

"ఏంది టీచరమ్మా, వినపడని పెద్దమనిషి ముంగట ఫిడేలు వాయించుడా?"

"నువ్వు వాయించు జకర్యా. ఆయన సంగతి నేను చూసుకుంటా."

లూకా రెండు అరచేతులూ ఫిడేలు వీపుకి ఆనించాడు. తర్వాత చెంప కూడా ఆనించాడు. పాత కీర్తనలు ఒక్కొక్కటే వాయిస్తూ పోతుంటే, ఒకచోట ఆయన పెదవులు కదిలాయి.

"ఇది ఈస్టర్‌కి పాడేవాళ్లం!" అన్నాడు.

నిజంగా అదే కీర్తన. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆలిస్ కొంగుతో కళ్లొత్తుకుని, రిసెప్షన్లో ఈ కీర్తన కూడా వాయించమని టీచర్‌ను అడిగింది.

సంగతి తెలిసి పెళ్లికొడుకు బాబాయి సుబ్బరాజు టీచర్ ఇంటికొచ్చాడు.

"రిసెప్షన్లో కీర్తన ఏంటండీ? జనం లేచి వెళ్లిపోతారు. పైగా ఆయనకి వినపడదుగా?"

"మీరు చెప్పిన పాటలన్నీ వాయిస్తామండీ. ఇది మాత్రం పెళ్లికూతురు కోరింది. ఆయన వినడానికి కాదు, పాడడానికి."

సుబ్బరాజు కాఫీ తాగి వెళ్లిపోయాడు.

రిసెప్షన్ రోజు చెక్క స్టేజీ మీద, జకర్యా పక్కనే లూకాకు కుర్చీ వేయించింది కాంతమణి. కీర్తన మొదలైంది. లూకా ఫిడేలు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని పాట అందుకున్నాడు. గొంతు గంభీరంగానే ఉంది గానీ తాళం వెనకబడింది, శ్రుతి బ్యాండు కంటే కిందికి జారింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆలిస్ తల వంచుకుంది.

కాంతమణి చెయ్యెత్తి బ్యాండును ఒక్క క్షణం ఆపింది. లూకా కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. జకర్యా వైపు చూసి వేలు కిందికి చూపించింది. లూకా గొంతు ఎక్కడుందో వెతుక్కుని, ఆ శ్రుతిలోకి తనూ దిగింది. జకర్యా దిగాడు, తక్కినవాళ్లూ దిగారు. లూకా ఊపిరి తీసుకున్నచోట వాళ్లు ఆగారు. ఆయన సాగదీసినచోట సాగదీశారు. బ్యాండు తనకోసం దారి మార్చిందని ఆయనకు తెలియదు. మూడో చరణానికి కోటుల్లో, పట్టుచీరల్లో ఉన్న పాత క్వయర్ వాళ్లు లేచి గొంతు కలిపారు. పెళ్లికూతురు మెట్లెక్కి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

పాట అయ్యాక లూకా కళ్లు తెరిచి, నిలబడ్డ జనాన్ని చూసి తత్తరపడ్డాడు. తర్వాత సుబ్బరాజు చెప్పిన హుషారు పాటలు మొదలయ్యాయి. లూకా లేచి పోలేదు. అరచెయ్యి ఫిడేలు మీదే ఉంచి, అన్ని పాటలకూ కాలు ఆడిస్తూ కూర్చున్నాడు. వడ్డనలు మొదలయ్యాయని అల్లుడు నోవహు వచ్చి చేత్తో చూపిస్తే, ఇంకాసేపు ఆగమని సైగ చేశాడు.