ఒక ల్యాబు చెబితే మాట

మా బాబాయి పోయారన్న ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో కాలేజీకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. చేసింది బాబాయి కొడుకు, నా తమ్ముడు. "అక్కా, నాన్నగారు వెళ్ళిపోయారక్కా" అన్నాడు. వాడి వెనక నుంచి మా అత్త గొంతు స్పష్టంగా వినిపించింది. "దానికెందుకు చెప్తున్నావురా? రక్తం తీయించి మనిషిని మింగేసింది." తమ్ముడు గబుక్కున ఫోను పెట్టేశాడు. అత్త బాబాయికి సొంత అక్క. తన తమ్ముడు పోయిన గంటకి ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట అదీ.

గుండుగొలను నుంచి కొల్లేటి వైపు దిగితే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. అందులో రెండు రొయ్యల చెరువులు బాబాయివి. ఇల్లు కూడా ఆ గట్టు మీదే. ఆయన నోరు మంచిది కాదు, పోయారు కదా అని తేనె పూయలేను. పనివాళ్ళనీ, మేత అమ్మేవాళ్ళనీ, వాన కురిపించే దేవుణ్ణీ ఒకే గొంతుతో తిట్టేవారు. కానీ ఈ రోజు నేను జువాలజీ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆయన చలవే. వేసవి సెలవుల్లో నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళాన్ని నీళ్ళలోంచి పైకి లాగేవారు. ఒక రొయ్యని నా చేతిలో పెట్టి, "పేగు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా చెప్పు" అనేవారు. తప్పు చెబితే "కళ్ళా అవి, గోళీకాయలా?" అని నెత్తి మీద ఒక్కటి మొట్టేవారు. ఒప్పు చెబితే ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడం కోసం ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

రొయ్యకి తెల్లమచ్చ అని ఒక జబ్బు ఉంది. వచ్చిందంటే చెరువు చెరువంతా తుడిచిపెట్టుకుపోతుంది. "మచ్చ కంటికి కనబడ్డాక ఇంక చూసేదేముందమ్మా? కన్ను ఆలస్యంగా చూస్తుంది. దానికంటే ముందు ల్యాబు చూడాలి" అనేవారు. అందుకే రొయ్యలు చెంగుచెంగున ఎగురుతున్నప్పుడే నాలుగు పట్టి పరీక్షకి పంపేవారు. అదీ ఒక చోటికి కాదు, ఏలూరుకీ భీమవరానికీ కూడా. "ఒక ల్యాబు చెబితే మాట. రెండు ల్యాబులు చెబితే రిపోర్టు." ఇది ఆయన చట్టం. ఒక ఏడు ఏలూరు ల్యాబు జబ్బుందని చెప్పింది, భీమవరం ల్యాబు లేదంది. పక్క చెరువుల వాళ్ళు బెదిరిపోయి, దక్కినంత దక్కుతుందని పిల్ల రొయ్యలనే పట్టేసుకున్నారు. బాబాయి కదల్లేదు. చివరికి నిండుగా ఎదిగిన పంట తీశారు. ఆ తర్వాత ఆ గట్ల మీద ఆయన మాటకి తిరుగులేకుండా పోయింది. ఇంట్లోనూ అంతే.

మా తాతయ్య, అంటే బాబాయి వాళ్ళ నాన్నగారు, క్లోమంలో క్యాన్సర్ వచ్చి పోయారు. తెలిసేసరికి మిగిలింది నొప్పి ఒక్కటే. అందుకే, ఇలాంటి జబ్బుల్ని చాలా ముందుగా పసిగట్టే కొత్త రక్తపరీక్ష వచ్చిందని విజయవాడలో ఒక డాక్టరుగారు చెప్పగానే బాబాయి వెంట పడ్డాను.

"రక్తంలో ఏం కనబడుద్దే?" అన్నారు.

చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్ల బోర్డు దగ్గర కూర్చున్నాం. కొన్ని స్విచ్చుల మీద ఎవరూ వేయకుండా ఆయనే టేపు అంటించి ఉంచారు. అదే చూపించాను. "మన ప్రతి కణంలోనూ ఇలాంటి బోర్డు ఉంటుంది బాబాయ్. వైర్లు అన్నిట్లోనూ ఒకటే. ఏ స్విచ్చు వేయాలో, ఏది వేయకూడదో చెప్పే టేపుల్లాంటి గుర్తులు వాటి మీద ఉంటాయి. క్యాన్సర్ మొదలయ్యేటప్పుడు ఆ టేపులు చోటు మారిపోతాయి. ఉండాల్సిన చోట ఊడిపోతాయి, లేని చోట అంటుకుంటాయి. కణాలు చచ్చినప్పుడు ఆ ముక్కలు రక్తంలోకి వస్తాయి. గడ్డ కంటికి కనబడకముందే ఈ పరీక్ష వాటిని పట్టుకోవచ్చు."

"అంటే వైరింగు బాగానే ఉంటుంది, టేపులు మారిపోతాయి."

"చాలావరకు అంతే."

"మరి ఆ మాట మొదట చెప్పొచ్చు కదే, ఇంత ఉపన్యాసం ఎందుకు?" అని లేచి చొక్కా వేసుకున్నారు.

రిపోర్టు క్లోమం వైపు వేలు చూపించింది. డాక్టరుగారు చాలా నెమ్మదిగా చెప్పారు. "ఇది తప్పు కూడా కావచ్చండీ. కానీ వదిలేయకూడదు. చిన్నది ఉంటే మామూలు స్కానులో దొరకదు. నోట్లోంచి గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాను ఉంది, అది చేయిద్దాం. ఏమీ కనబడకపోయినా మూడు నెలలకోసారి వస్తూ ఉండండి." బాబాయి బుద్ధిగా "అలాగేనండి" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఏలూరు వెళ్ళి, కడుపు మీద జెల్లు రాసి చేసే మామూలు స్కాను చేయించుకున్నారు. అందులో ఏమీ లేదు.

"చూశావా? రెండో ల్యాబు లేదంది" అన్నారు నాతో.

"అది రెండో ల్యాబు కాదు బాబాయ్. రక్తంలో చూసింది టేపుల్ని. వీళ్ళు వెతికింది గడ్డని. మచ్చ కనబడేదాకా ఆగినట్టే ఇది. కన్ను ఆలస్యంగా చూస్తుందని చెప్పింది మీరే కదా?"

"నేను చెప్పింది రొయ్యలకి."

మా కుటుంబం మొత్తం ఆయన పక్షమే. గండం గడిచిందని వ్యాను కట్టించుకుని ద్వారకా తిరుమల వెళ్ళారు. బాబాయి గుండు చేయించుకున్నారు. కింద సత్రంలో భోజనాలు. నా విస్తట్లో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. అత్త నా ఎదురుగా నిలబడి అందరికీ వినబడేలా, "మొహం అలా పెట్టుకున్నావేంటే? మీ బాబాయికి జబ్బు లేదని బాధగా ఉందా?" అంది. పంక్తి పంక్తంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వారు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

నవ్వనిది పిన్ని ఒక్కతే. ఆవిడ తర్వాత కూడా బట్టలు సర్దుకుని, "ఏవండీ, ఒక్కసారి విజయవాడ వెళ్ళొద్దామండీ. నా తృప్తి కోసం" అని బతిమాలింది. "ఈ పట్టుబడి అవ్వనీ, రొయ్య పట్టేశాక వెళ్దాం" అన్నారాయన. అది అయ్యాక చెరువులో మళ్ళీ రొయ్య పిల్ల వేశారు, మళ్ళీ ఈ పట్టుబడి అవ్వనీ అన్నారు. పిన్ని సర్దిన బట్టలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి.

ఈలోగా బాబాయి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. అత్త ఎక్కడి నుంచో ఆకు పసరు తెచ్చి తాగించింది, ఉప్పూ కారం మాన్పించింది. ఒంటి మీద చొక్కా వేలాడుతున్నా "పథ్యం కదా, చిక్కుతాడు" అంది. విజయవాడ చేరేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఈసారి ఏ స్కాను చేసినా అందరికీ కనబడుతోంది. డాక్టరుగారు చెబుతుంటే బాబాయి నా వైపు తిరిగి, "ఇప్పుడు రిపోర్టయింది" అని పళ్ళు బయటపెట్టి నవ్వారు.

ద్వారకా తిరుమలలో ఇచ్చిన జుట్టు అప్పటికి దువ్వెనకి అందేంత పెరిగింది. క్యాన్సర్ మందు ఎక్కించడం మొదలుపెట్టాక అది కూడా దిండు మీదికి రాలిపోయింది. లేదన్న జబ్బుకి ఒకసారి, ఉన్న జబ్బుకి ఒకసారి. పిన్ని ఆ వెంట్రుకల్ని చీపురుతో ఊడవలేక చేత్తో ఏరి కాగితంలో పెట్టుకునేది.

ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం ఆయన పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఆ రోజే వెళ్ళుంటే బతికేవాడినా?" అన్నారు.

"గ్యారంటీ లేదు బాబాయ్. కానీ అప్పుడు చేయడానికి ఏదో ఒకటి ఉండేది" అన్నాను.

"అబద్ధం చెప్పొచ్చు కదే. మీ అత్తయితే చెప్పేది" అని గోడ వైపు తిరిగిపోయారు. తర్వాత నాతో ఆయన ఏమీ మాట్లాడలేదు. నాకు చూడటం నేర్పిన మనిషికి నేను ఇచ్చిన చివరి జవాబు అది. అదే ప్రశ్న మళ్ళీ అడిగినా అదే చెబుతాను. చెప్పి మళ్ళీ ఇలాగే ఏడుస్తాను.

పోయారన్న ఫోను అందుకుని నేను గట్టు ఇంటికి చేరేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. తలదగ్గర దీపం. అత్త నన్ను చూసి మొహం తిప్పుకుంది. మగవాళ్ళు పాడె పనిలో ఉన్నారు. అప్పుడు తమ్ముడి ఫోను మోగింది. పక్కవాళ్ళ చెరువు జబ్బుతో పోయిందని ముందురోజు వాడు ఏలూరు ల్యాబుకి రొయ్యలు ఇచ్చొచ్చాడట. ఇంటి వెనక చెరువులో తెల్లమచ్చ ఉందని వాళ్ళు చెప్పారు.

వాడు ఫోను చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చి ఆ మాట చెప్పాడు. "భీమవరం కూడా పంపరా. రేపు చూసుకోవచ్చు. మీ నాన్నుంటే అదే చేసేవాడు" అంది అత్త. "శవం ఇంట్లో ఉండగా వలేంటి?" అన్నారు ఎవరో పెద్దాయన.

దీపం పక్కన కూర్చున్న పిన్ని స్తంభం పట్టుకుని లేచింది.

"వల వేయమను" అంది కొడుకుతో.

"అమ్మా, రెండో ల్యాబు..."

"ఇప్పుడే వేయమన్నాను. వినబడలేదా?"

మోటార్లు ఆపేశారు. చుట్టుపక్కల వాళ్ళు వలలు తెచ్చారు, ఐసు బండి వచ్చింది. వరండాలో ఆడవాళ్ళ ఏడుపు కూడా ఆగిపోయింది, అందరూ వెనక్కే చూస్తున్నారు. పిన్ని చెప్పుల్లేకుండా గట్టు దిగి నీళ్ళ దాకా వెళ్ళింది. మొదటి బుట్ట ఒడ్డుకి రాగానే అందులోంచి ఒక రొయ్యని తీసి అరచేతిలో పెట్టుకుంది. అది బలంగా కొట్టుకుంటోంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. దాని ఒంటి మీద ఎక్కడా ఏమీ లేదు. దాన్ని ఐసులో వేసేసి, వంగి ఇంకొకటి తీసుకుంది.