తాలు కూడా బస్తాలోదే

మా జియాలజీ మేడం పోయారు. పోయిన వారం ఒక పొద్దున చీరాల నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి, “అక్క వెళ్ళిపోయిందమ్మా” అన్నారు. వెంటనే చీరాల బయల్దేరాను.

గుంటూరు కాలేజీలో నాకు రాళ్ళ గురించి నేర్పింది ఆవిడే. తర్వాత, సముద్రం అడుగున రాతిని తవ్వి తీసే ఓడ మీదికి నన్ను వెంటబెట్టుకెళ్ళిందీ ఆవిడే. గొట్టంలో పైకొచ్చిన రాతిని నిలువునా కోసి బల్లల మీద పరుస్తారు. పరీక్షలకి అందులోంచి కొన్ని ముక్కలే తీసుకోవాలి. వాటిని బట్టే ఆ సముద్రపు అడుగు ఎలాంటిదో చెప్పాలి. నా కళ్ళేమో పచ్చటి చార ఉన్న రాయి మీదే. అబ్బ, ఎంత బాగుందో!

“ఏమ్మా, పెళ్ళిచూపులకొచ్చావా?” అన్నారు మేడం. బల్ల పొడుగునా ఉన్న బూడిదరంగు రాయి చూపించారు. “ఇక్కడ ఎక్కువున్నది ఇది. ముందు దీన్ని తియ్యి. చారది కూడా ఒకటి తియ్యి, కానీ అరుదుగా ఉందని రాసి మరీ తియ్యి.”

ఆవిడ నాన్నగారు మిర్చి రైతు. యార్డులో కొనేవాళ్ళు బస్తా పైనున్న కాయలు నమ్మరు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడుమ నుంచి పిడికెడు తీస్తారు. మేడం కూరగాయల బజారులోనూ అంతే, బుట్ట అడుగు దాకా కెలికి తిట్లు తినేవారు. పొడిపొడిగా రాలే రాయిని మేం పక్కకి నెడితే మాత్రం ఊరుకునేవారు కాదు. రంగు వెలిసిన తాలుకాయలు గుర్తొచ్చేవేమో, “తాలు కూడా బస్తాలోదేనమ్మా” అనేవారు.

మేడంని తలుచుకుంటూ చర్చిలో జరిపే ఆదరణ కూడికలో పెట్టడానికి ఒక ఫోటో ఎంచమని తమ్ముడుగారు నన్నే అడిగారు. పట్టుచీర, భుజాన సన్మానం శాలువా ఉన్న ఫోటో ఆయన చేతిలో ఉంది. ఆ సన్మానం రోజు, “ఈ వేషం ఇంకెంతసేపే?” అని మేడం నా చెవిలో గొణిగారు. కానీ తమ్ముడి ముచ్చట ఎలా కాదనను? ఏడుపొచ్చింది. ఆవిడని ఎరగని పిల్లలు రేపు ఆ ఒక్క ఫోటోనే చూసి, మేడం అంటే ఇలా ఉండేవారనుకుంటారు.

చివరికి ఓడలోది తీశాను. నలిగిన చొక్కా, నెత్తి మీదికి నెట్టిన కళ్ళజోడు, బూడిదరంగు రాతి మీదికి వంగిన తల.

“మొహం సరిగా కనపడట్లేదు కదమ్మా?”

“మనకెప్పుడు కనపడిందండీ? ఎప్పుడూ ఇలాగే ఉండేవారు కదా.”

ఆయన ఫోటో చేతిలోకి తీసుకున్నారు. “అవునమ్మా, అన్నం తినేటప్పుడూ తలెత్తేది కాదు,” అని భోరుమన్నారు.

కూడిక నాడు ఆ ఫోటోకే పూలదండ వేశారు. మేడం తలెత్తలేదు. ఆ బూడిదరంగు రాయినే చూస్తున్నారు.