మంచం ఎత్తున కిటికీ

మా పెద్దమ్మ పోయిందని పొద్దున్నే దేవరుప్పుల నుంచి ఫోన్ వచ్చింది. అమ్మకు అక్క, నన్ను సగం పెంచిన మనిషి. ఏడుపు కంటే ముందు నాకు ఆ గోడ పగలగొట్టిన రోజు గుర్తొచ్చింది.

పత్తి ట్రాక్టరు మీది నుంచి పడి నడుము విరిగాక ఆమె మళ్లీ లేవలేదు. దవాఖాన నుంచి తెచ్చి వీధి పక్క గదిలో పడుకోబెట్టారు. గది చిన్నదేమీ కాదు. కానీ ఉన్న ఒక్క కిటికీ కప్పు దగ్గర, పలకంత. తిరిగే మాకు అది చాలేది. పడుకున్న ఆమెకు కనిపించేది గోడే, దాని పైన జానెడు వెలుగు.

"గోడలు దగ్గరికొస్తున్నయి బిడ్డా," అనేది. మందుల మత్తనుకున్నాం. క్రమంగా అన్నం మానేసింది. కిటికీ కిందికి దించమంది. ఆమె భర్త, మా పెద్దబాపు, ఒప్పుకోలేదు.

"తొవ్వల పోయేటోళ్లందరికీ నువ్వు గిట్ల కనబడాల్నా?"

"చూస్తే చూడనియ్. నాకు కనబడాలె గద."

మరునాడూ అన్నం గిన్నె ముట్టకుండానే తిరిగొచ్చింది. పెద్దబాపు వెళ్లి మేస్త్రిని తీసుకొచ్చాడు.

"మట్టిగోడ అన్నా. కప్పు బరువంత దీని మీదనే ఉన్నది. జర అటిటైతే కూలుతది," అన్నాడు మేస్త్రి.

ఆమెను మంచంతో సహా నడింట్లోకి మార్చి, కప్పు కింద కర్రలు ఆనించాం. గడ్డపార రెండు పోట్లు పడ్డాయో లేదో, ఒక పగులు పైదాకా పాకింది. పెంకులు కదిలి మట్టి రాలింది. మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది? ఆపిన్రా?" లోపలి నుంచి పెద్దమ్మ.

పెద్దబాపు గడ్డపార అందుకున్నాడు. "ఆపలే."

పగులు మీదే కన్నుంచి, కొంచెం కొంచెంగా మట్టి పెల్లగించాడు. పొద్దుగూకే వేళకు, కిటికీ పైన కప్పు బరువు మోయడానికి పెట్టిన టేకు దూలం కుదురుకుంది. పగులు అక్కడే ఆగింది.

కిటికీ వెడల్పుగా, మంచం ఎత్తునే వచ్చింది. గది అంగుళం పెరగలేదు. అయినా ఆమె పక్కన వంగి చూస్తే, ఎదురింటి అరుగు దాకా అంతా ఆ గదే అనిపించింది. పెద్దమ్మ చాలాసేపు చూసి, "ఇగ అన్నం పెట్టున్రి," అంది.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. కూరగాయలామెతో బేరమాడింది, బడికి ఆలస్యమైన పిల్లలను గదమాయించింది. నేను జనగామలో ఇల్లు కడుతుంటే ఒకటే అడిగింది: "మంచం యాడ ఏస్తవు? ముందుగాల ఆడ పండుకొని సూడు. గప్పుడు కిటికీ పెట్టు." అట్లాగే పెట్టాను. జ్వరమొచ్చి పడుకున్న ప్రతిసారీ ఆమెకు దండం పెట్టుకుంటాను.

దహనం నుంచి వచ్చాక పెద్దబాపు పెద్దమ్మ మంచం మీద వాలాడు. వీధిలో మేకల మంద పోతోంది. ఒక మేక ఆగి, ముందరికాళ్లు కిటికీ మీద పెట్టి లోపలికి తల చాపింది. ఆయన దాన్ని అదిలించలేదు.