చిన్నాయన దగ్గు ఉన్న పాట

మా కంపెనీ వార్షికోత్సవానికి ముందురోజు, మధ్యాహ్నం. హైటెక్ సిటీలో మా ఆఫీసులో మైకులు, స్పీకర్లు, మీటింగు గదుల్లో తెరలు చూసుకోవడం నా ఉద్యోగం. మర్నాడు పాటలు వేయడానికి పిలిచిన డీజే అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి, సౌండ్ ఎట్లా ఉందో చూసుకోవడానికి ఏదో పెట్టింది. నేను మిక్సర్ వెనక వంగి వైరు బిగిస్తున్నాను. రైలు కూత వినిపించింది. దాని వెంటే డప్పు, ఆ పైన గుండె మీద గుద్దినట్టు మెషిన్ బీట్. ఒకచోట డప్పు ఒక దెబ్బ తప్పింది. ఎవరో దగ్గారు.

ఆ దగ్గు మా చిన్నాయనది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

"ఈ పాట నీకెక్కడ దొరికిందమ్మా?" అని అడిగాను.

"నెట్‌లో సార్. పాత హైదరాబాద్ రేవ్ అని ఎవరో పెట్టారు. చేసిందెవరో రాయలేదు. బాగుంది కదా?"

బాగుందన్నాను. నేనే చేశానని చెప్పలేదు. మెడలో ఐడీ కార్డు, చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టుకుని చెబితే నవ్వేది. అయినా నా మనసు అక్కడ లేదు. ఇన్నేళ్లకు దొంగ బయటపడ్డాడు అనుకుంటున్నాను.

నాది హఫీజ్‌పేట్. ఇరవై ఏళ్ల కింద టెంట్‌హౌస్ వాళ్ల సౌండ్ బాక్సుల దగ్గర పనిచేసేవాణ్ణి. నేను దొంగ అనుకున్న అతను ఒక పెళ్లిలో పరిచయమయ్యాడు. కృష్ణా జిల్లా నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి మియాపూర్‌లో గది కిరాయికి తీసుకున్నాడు. గదిలో మంచం లేదు గానీ కంప్యూటర్ ఉంది. వాళ్ల ఆఫీసులో ఒకాయన విదేశం నుంచి తెచ్చిన సీడీ వినిపించాడు. రేవ్, హార్డ్‌కోర్ అంటారట, గుంపుగా ఎగరడానికి చేసే మెషిన్ సంగీతం. నిమిషానికి నూట డెబ్బై దెబ్బలు. ప్లేయర్ ఖరాబైందనుకున్నాను. రెండోసారి విన్నాక, "అరే, మా చిన్నాయన ఊపు మీదుంటే గింతే స్పీడ్ కొడ్తడురా" అన్నాను.

అట్లా మొదలైంది. ఏడాదిపాటు ప్రతి ఆదివారం పొద్దున ఆ గదిలోనే ఉన్నాను. హఫీజ్‌పేట్ స్టేషన్‌లో రైళ్ల చప్పుడు పట్టుకొచ్చాం. చిన్నాయనను కూర్చోబెట్టి డప్పు రికార్డు చేశాం. బీడీ పొగకు దగ్గొచ్చి ఆయన ఒక దెబ్బ వదిలేశాడు. అతను తీసేద్దామన్నాడు, నేను ఉండనియ్యమన్నాను. మొత్తం పదకొండు పాటలు. కొత్తగూడలో కట్టడం సగంలో ఆగిన ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కొన్ని ఆదివారం మధ్యాహ్నాలు స్పీకర్లు పెట్టి వాయించేవాళ్లం. నలభై, యాభై మంది వచ్చేవాళ్లు. చీకటి పడకముందే చెమటతో తడిసిన చొక్కాలతో బస్సులెక్కి పోయేవాళ్లు. కొన్ని పాటలు సీడీల మీద ఎక్కించి ఊరికే పంచాం, మాకంటూ ఒక్కటీ ఉంచుకోలేదు. పోలీసులు అడిగితే ఇబ్బందని వాటి మీద పేర్లు రాయలేదు. మా ఊళ్లో అట్లాంటి సంగీతం మాకంటే ముందు ఎవరైనా చేశారేమో నాకు తెలియదు. అప్పుడు మాత్రం మేమే మొదటివాళ్లమనుకున్నాం.

తర్వాత ఒకసారి అతను మా పాటలన్నీ ఉన్న హార్డ్ డిస్కు తీసుకుని ఊరికి వెళ్లాడు. తిరిగొచ్చి, బస్సులో బ్యాగు పోయిందన్నాడు. మొహం తెల్లబోయి ఉంది. పాపం అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం గదికి వెళ్తే, ఊరికి తీసుకుపోయిన స్టీలు టిఫిన్ బాక్సు కిటికీలో బోర్లించి ఉంది.

"బ్యాగు పోతే బాక్సు ఎట్లొచ్చిందిరా?"

"అది వేరే సంచిలో ఉందిరా."

ఒక్క బ్యాగే తీసుకెళ్లానని అంతకుముందు తనే చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు. అడగకుండా, సౌండ్ బాక్సులవాళ్లకీ పార్టీలు పెట్టేవాళ్లకీ చెప్పాను, వాడు మా పాటలు ఎక్కడో అమ్ముకున్నాడని. మియాపూర్ వెళ్లడం మానేశాను. కొన్నాళ్లు ఒక్కణ్ణే వాయించాను. పాటలు లేని మనిషిని ఎన్ని రోజులు పిలుస్తారు? తర్వాత ఈ ఉద్యోగం.

రిహార్సల్ నుంచి ఇంటికొచ్చి ఆ పాటలు వెతికాను. పదకొండులో ఆరే ఉన్నాయి. మిగతా ఐదు ఎందుకు దాచిపెట్టాడు? మా ఆవిడ ఒక పాట విని, "చిన్నమామ దగ్గినట్టే ఉంది" అని, నా మొహం చూసి, "పోయి అడుగరాదు? ఇన్నేండ్ల సంది గదే ఫికర్" అంది.

శనివారం పొద్దున మియాపూర్ వెళ్లాను. అతను మెట్రో స్టేషన్ దగ్గర ఫ్లాట్ కొనుక్కున్నాడని తెలుసు. ఫోన్ చేయలేదు. చేస్తే జవాబు తయారు చేసుకుంటాడని. తలుపు అతని భార్య తీసింది. వెనక నుంచి అతను వచ్చాడు. బట్టతల, కళ్లజోడు. నన్ను చూడగానే అతనన్న మొదటి మాట, "నువ్వే పెట్టావు కదా?"

"నేనా?"

"నెల రోజుల్నించి వింటున్నాను. నా దగ్గర లేని పాటలు నీ దగ్గరెలా ఉన్నాయిరా? అప్పుడే కాపీ తీసి దాచుకున్నావన్నమాట."

నేను అనాల్సిన మాటలన్నీ అతనే అంటున్నాడు. ఇది కూడా ఎత్తేనేమో అనిపించింది. ఇద్దరం సోఫాలో చెరో చివర కూర్చుని కాఫీ ముట్టుకోకుండా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నాం. అతని భార్యకు విసుగొచ్చింది. "పెట్టినవాళ్లనే అడగొచ్చు కదండీ. అక్కడ మెసేజ్ పంపే చోటు ఉంటుంది కదా!"

ఇన్ని రోజులూ మా ఇద్దరికీ అది తోచలేదు. అక్కడే కూర్చుని, ఇద్దరం చూస్తుండగా, అతని ఫోన్‌లో రాశాం. గంటలో జవాబొచ్చింది. పాటలు పెట్టినావిడ పుణెలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుందట. ఒకప్పుడు కొండాపూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుందట. మేం పంచిన సీడీ ఒకటి దాచుకుంది. దాని మీద ఆరు పాటలే ఉన్నాయి. చేసింది మీరేనని ఎలా నమ్మాలి, మూడో పాటలో దగ్గిందెవరు అని అడిగింది. మా చిన్నాయన అని రాయమన్నాను. అతను రాస్తూ నవ్వాడు. నేను నవ్వలేదు.

"మరి డిస్కు ఏమైందిరా?" అన్నాను.

అతను ఫోన్ పక్కన పెట్టాడు.

"ఊళ్లో మా బాబాయి కొడుకు కంప్యూటర్‌కి తగిలించాను. దాంట్లో పాతవన్నీ తుడిచి కొత్తగా ఎక్కించబోయి, ఏ డిస్కో చూసుకోకుండా మనదే తుడిచేశాను. పదకొండూ పోయాయి. బస్సు, బ్యాగు అంతా అబద్ధం."

"చెప్తే అయిపోతుండె గదా."

"నీ ఏడాది కష్టాన్ని నా చేత్తో తుడిచేశానని ఎలా చెప్పనురా? పోయిందంటే కనీసం తప్పు ఇంకెవడిదో అవుతుంది. ఆ బాక్సుని నువ్వు చూసిన చూపు నేను చూశాను. అడుగుతావేమో, చెప్పేద్దామనుకున్నాను. నువ్వు మళ్లీ రాలేదు."

ఆ తర్వాత తనను ఎవరూ వాయించడానికి పిలవలేదనీ, తన పని బాగాలేదేమో అనుకుని మానేశాననీ చెప్పాడు. మామూలుగా చెప్పాడు. నా కాఫీ చల్లారిపోయింది. లేచి వచ్చేశాను.

వారం రోజులు ఆఫీసులో ఏం చేశానో నాకే తెలియదు. అతనికి తెలియదు, తెలిసే దారి లేదు, వదిలేయొచ్చు కదా అని ఎన్నోసార్లు అనుకున్నాను. మళ్లీ శనివారం వెళ్లాను. ఈసారి ఫోన్ చేసే వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను, తను దొంగ అని అందరికీ చెప్పింది నేనేనని.

"ఎంతమందికి చెప్పావు?"

"నలుగురికి."

"అప్పుడు ఉన్నదే నలుగురు కదరా," అన్నాడు.

లోపలికి రమ్మన్నాడు గానీ ఆరోజు మాటలు సాగలేదు. రెండు నెలలు ఫోన్ చేయలేదు. తర్వాత తనే చేసి, పుణె ఆవిడ పాటల కింద పేర్లు పెడతానంటోంది, ఎవరి పేరు ముందు రాయమంటావని అడిగాడు. నీదే అన్నాను. చిన్నాయన పేరు కూడా పెట్టించాడు, నేను అడగకుండానే.

పోయిన వారం నేనే అడిగాను, ఒక ఆదివారం కూర్చుని కొత్త పాట ఒకటి చేద్దామా అని. "చూద్దాంలేరా" అన్నాడు. ఆ మాటలో కోపం ఉందా, నిజంగానే తీరిక లేదా? గొంతులో ఏమీ తెలియనివ్వలేదు. ఏడు రోజుల నుంచి ఆ ఒక్క మాటనే అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను.