జానకమ్మ టీచర్ కారు ఆగిన చోట

మొన్న ఎండాకాలంలో మంచిర్యాల రోడ్డు మీద మా బస్సు కాసేపు ఆగింది. ముందు ఎవరిదో కారు చెడిపోయి దారికి అడ్డంగా నిలబడింది. బానెట్ ఎత్తి పెట్టి ఉంది. ఉడికిన నీళ్లూ, మాడిన ఆయిలూ, కాలిన ఇనుమూ కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. బస్సులో అందరూ కొంగులూ రుమాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఇంకొంచెం పీల్చుకున్నాను. పక్క సీట్లో అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఆ వాసన తగిలితే నాకు జానకమ్మ టీచర్ గుర్తొస్తారని పాపం ఆమెకేం తెలుసు.

జానకమ్మ టీచర్ కరీంనగర్‌లో మా ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్. పొడుగాటి మనిషి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు, తెలుగు మా ఇళ్లల్లో లాగే మాట్లాడేవారు. భర్త పోయాక ఆయన కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంటే చూడలేక, ఆమె స్వయంగా నడపడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆడమనిషి కారు నడుపుతూ బజారులోకి వస్తే కొట్లవాళ్లు తూకం ఆపి చూసేవాళ్లు. బర్రె అడ్డం వస్తే ఆమె హారన్ కొట్టేవారు కాదు. కారు దిగి దాన్ని నడ్డి మీద తట్టి, "జర జరుగు తల్లీ" అని పక్కకు తోలి మళ్లీ ఎక్కేవారు. బడిలో మాత్రం ఆమె అంటే అందరికీ హడలే. ఆలస్యంగా వస్తే ఊరుకునేవారేమో గాని, ఒకరిని అడిగితే ఇంకొకరు జవాబు చెబితే మాత్రం ఊరుకునేవారు కాదు. నాకు అదే పెద్ద కష్టం. నాకు అన్నీ వచ్చు, గొంతే రాదు. ఆమె నా పేరు పిలిచి, పుస్తకం మూసి, కిటికీ దగ్గరికి పోయి నిలబడేవారు. క్లాసంతా నన్నే చూస్తూ ఉండేది. ఆమె మాత్రం బయట వేపచెట్టును చూస్తూ ఉండేవారు. నేను గొణిగేదాకా అట్లాగే ఉండేవారు.

నేను మెట్రిక్ పాసైన ఎండాకాలం ఆమె మా ఇంటికి వచ్చారు. మాది మగ్గం ఇల్లు. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేదాన్ని. బాపు నేస్తున్నాడు, అవ్వా నేనూ నూలు కండెలు చుడుతున్నాం. పీట వేస్తే కూర్చుని నేరుగా విషయానికొచ్చారు.

"నర్సయ్యా, నీ బిడ్డను పంతులమ్మ ట్రైనింగుకు పంపు. ఆదిలాబాద్ల సీట్లున్నయి."

"గంత దూరమా? గాడ మనోళ్లెవరున్నరు బాయీ?" అన్నాడు బాపు, మగ్గం ఆపకుండానే.

"నేనే తీస్కపోత. కారుంది కదా."

మగ్గం చప్పుడు ఆగింది. బాపు "ఆడపిల్లను ఒక్కదాన్ని ఎట్ల పంపుత? అయితే నేను గూడ వస్త" అన్నాడు.

"కారెక్కాలని ఉన్నదని చెప్పరాదు?" అంది అవ్వ నూలు వైపు చూస్తూనే. టీచర్ నవ్వారు. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

నవ్వుల మధ్య ఒప్పుకున్నా, బాపు మనసులో సగమే ఒప్పుకున్నాడని నాకు తెలుసు. మేనత్త అప్పటికే నాకు సంబంధం చూసి పెట్టింది. ఈసారి ట్రైనింగు సీటు ఇంటర్వ్యూ తప్పితే మళ్లీ ఏడాది దాకా లేదు, ఏడాది దాకా మేనత్త ఆగదు.

ఇంటర్వ్యూకు ముందురోజు తెల్లవారుతుండగానే బయలుదేరాం. టీచర్ పక్కన నేను, వెనక సీట్లో సద్ది మూటతో బాపు. గుంత వచ్చినప్పుడల్లా "రాజన్నా" అని వేములవాడ దేవుణ్ణి పిలిచేవాడు. గోదావరి దాటేసరికి ఆ పిలుపు తగ్గింది. లక్సెట్టిపేటలో చాయ తాగేసరికి, కారు ఎట్లా నడపాలో టీచర్‌కే చెప్పడం మొదలుపెట్టాడు. "జర నిమ్మళం బాయీ, ఎద్దులబండి వస్తుంది." ఆమె, "చూసిన నర్సయ్యా, చూసిన" అనేవారు.

బెల్లంపల్లి దాటి టేకు అడవిలో పడ్డాక ఎండ ముదిరింది. అప్పుడు మొదలైంది ఆ వాసన. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. టీచర్ కారు పక్కకు ఆపి, కాస్త చల్లారనిచ్చి నీళ్లు పోశారు. కారు కదిలింది. ఇంకొంత దూరం పోయాక మళ్లీ ఆగింది, మళ్లీ నీళ్లు పోశారు. మూడోసారి మాత్రం లోపల ఏదో సుత్తితో కొట్టినట్టు పెద్ద చప్పుడైంది. కారు తనంతట తానే కొంచెం దొర్లి నిలబడింది. కింద నల్లటి ఆయిలు రోడ్డు మీద పారుతోంది. టీచర్ బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. ఆ ఇంజను, కారు నడపడం నేర్చుకున్నప్పటినుంచీ ఆమె కంటికి రెప్పలా చూసుకున్నది. కొంగుతో చేతులు తుడుచుకుని, "దీని పని అయిపోయింది. పద, వేరే బండి చూద్దం" అన్నారు. ఆమె గొంతులో మార్పేమీ లేదు. నేను మాత్రం ఏడుపు మొదలుపెట్టాను. సీటు పోయిందనుకున్నాను.

దారి నిర్మానుష్యంగా ఉంది. కొంతసేపటికి దూరంగా లారీ చప్పుడు వినపడింది. బాపు తలకు రుమాలు చుట్టుకుని రోడ్డు మీదికి పోబోయాడు.

"కూసో నర్సయ్యా. పొయ్యేది నీ బిడ్డ. ఆమెనే అడగనీ" అన్నారు టీచర్. నా చేతిలో సంచీ తీసుకుని, చెట్టు కిందికి పోయి బాపు పక్కన కూర్చున్నారు.

పరాయి మగవాడితో నేను అప్పటిదాకా మాట్లాడి ఎరుగను. లారీ దగ్గరికొచ్చింది. నా చెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది. లారీ దుమ్ము లేపుకుంటూ నన్ను దాటి పోయింది.

"గట్ల లేపితే ఈగలు తోలుకుంటున్నవు అనుకుంటరు" అన్నారు టీచర్ వెనకనుంచి. తిట్టలేదు. సద్ది మూట విప్పి బాపుకు రొట్టె ఇస్తున్నారు. ఆ ఎండలో, ఆ కష్టంలో వాళ్లిద్దరూ హాయిగా రొట్టె తింటుంటే నాకు ఒళ్లు మండింది. ఆ కోపమే పనికొచ్చింది. రెండో లారీ చప్పుడు వినపడగానే రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ పైకెత్తాను.

లారీ ఆగింది. నిండా బొగ్గు. గడ్డం నెరిసిన డ్రైవరు తల బయటపెట్టి, "ఏమైంది బేటీ?" అన్నాడు.

"కారు ఖరాబైంది. రేపు పొద్దుగాల ఆదిలాబాద్ల ఇంటర్వ్యూ ఉన్నది. మమ్మల్ని తీస్కపోతరా?" అన్నాను. అంత గట్టిగా వచ్చిన గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

"ఆదిలాబాద్ల పత్తి జిన్నింగు మిల్లుకే పోతున్న, ఎక్కుండ్రి. లోపట ఇద్దరికే జాగ ఉన్నది" అన్నాడు.

టీచర్ బాపు వైపు చూసి, "మీరిద్దరు పోండ్రి నర్సయ్యా, కారు కాడ నేనుంట" అన్నారు.

బాపు లేచాడు. నన్ను కాపలా కాయడానికే ఇంత దూరం వచ్చిన మనిషి. ఆ లారీ వైపు, కారు వైపు, నా వైపు చూశాడు. "అడవిల మీరెందుకు బాయీ? నేనుంట. గా ఆఫీసులల్ల నాకేం తెలుస్తది. మీరు తోల్కపోండ్రి."

"బాపూ, నువ్వు రావా?" అన్నాను.

"నేనెందుకు బిడ్డా? నోరొచ్చింది కదా నీకు" అన్నాడు. అని సంచీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆదిలాబాద్ చేరేసరికి పొద్దు గూకుతోంది. టీచరూ నేనూ ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. ఆమె తెల్లచీర బూడిదరంగైంది, ముఖంలో కళ్లు తప్ప అంతా నలుపే. ఆమెకు తెలిసినవాళ్లింట్లో తలంటుకున్నా నా చెవి వెనక బొగ్గు పోలేదు. పొద్దున ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అదే చూసి, "ఏంటమ్మా ఆ మరక?" అని అడిగారు. మొదటినుంచి చెప్పాను. ఈగల సంగతి కూడా చెప్పాను. ముగ్గురూ నవ్వారు. "పాఠం గూడ ఇట్లనే చెప్తవా?" అన్నారు. చెప్తానన్నాను. సీటొచ్చింది.

మెకానిక్‌ను వెంటబెట్టుకుని మేం తిరిగి పోయేసరికి బాపు డ్రైవరు సీట్లో దర్జాగా కూర్చుని ఉన్నాడు. వెనక సీటు నిండా దగ్గరి గోండు గూడెం పిల్లలు. గూడెంవాళ్లు జొన్న గట్క వండి పెట్టారట, పడుకోవడానికి మంచమిచ్చారట. బాపు వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకుని, కారు మెకానిక్‌కు అప్పగించి బస్సులో కరీంనగర్ చేరేదాకా అవే చెప్పి మమ్మల్ని విసిగించాడు. ఆ కారుకు వేరే ఇంజను పడింది. టీచర్ ఇంకా చాలా ఏళ్లు నడిపారు.

నేను ఆసిఫాబాద్ బడిలో పనిచేస్తున్నప్పుడు ఆమె ఒకసారి నన్ను చూడటానికి వచ్చారు. అన్నం తింటూ అడిగాను. "ఆ రెండో లారీ కూడా ఆగకపోతే ఏం చేసేవారు టీచర్?"

"ఏం చేస్తుంటిమి? ఇంకో లారీ వస్తుండె. నువ్వు మళ్ల చెయ్యెత్తుతుంటివి" అన్నారు. అని పచ్చడి వేయమన్నారు.

నేను పాఠం చెప్పినన్నాళ్లూ నోరు రాని పిల్లలు ప్రతి క్లాసులో ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. వాళ్ల బదులు చెప్పడానికి పక్కపిల్లలు ఎప్పుడూ సిద్ధమే. జవాబు అందించి ఆ పిల్లను కూర్చోబెట్టాలని నాకూ మనసు పీకేది. కాని పుస్తకం మూసి ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెట్టు కింద రొట్టె తింటున్న టీచర్ మనసు ఆ రోజు ఎంత కొట్టుకుని ఉంటుందో కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడు మా మనవరాలు నాతో కొట్టుకు వచ్చి సామాను పేరు చెప్పలేక నా కొంగు పట్టుకుంటే, నేను ఒక అడుగు వెనక్కి వేసి అటు తిరిగి నిలబడతాను. కొట్టతను నన్ను కసిరినా సరే, దాని గొంతు వచ్చేదాకా కదలను.