అమ్మ పెంచిన డేగ పుంజు

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ దినపత్రిక తిరగేస్తుంటే, ఎవరో పెద్దమనిషి తన జాతి పుంజును ఒళ్లో కూర్చోబెట్టుకుని నవ్వుతున్న రంగుల ఫొటో కనిపించింది. ఎర్రటి ఈకల డేగ. దాని తాతముత్తాతలు ఏ బరిలో ఎన్ని పందేలు గెలిచారో కూడా కింద వేశారు. నాకు మెడ మీదికి వేడి పాకింది. కోడలు చూస్తుందేమోనన్నట్టు ఆ పేజీ మడిచేశాను. డెబ్బై దాటినదాన్ని, నా చిన్నప్పటి సిగ్గు ఇంకా ఆరలేదంటే నవ్వొస్తుంది గాని, నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు, వాళ్లకు అర్థమవుతుంది.

పంతొమ్మిదివందల ముప్పైలలో నాన్నగారు తాడేపల్లిగూడెంలో మిషను బడి పంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. అమ్మది కొల్లేటి లంక. పెళ్లయి వచ్చేటప్పుడు అమ్మమ్మ చీరా పసుపూ కుంకుమా ఇచ్చే ఇల్లు కాదు గనుక, గంపలో రెండు డేగ పెట్టలూ ఒక పుంజూ పెట్టి పంపిందట. ఆ జాతిని అమ్మ కలుషితం కానివ్వలేదు. ఊరకోళ్లు మా దొడ్లోకి వస్తే చీపురుతో తరిమేది. పెట్ట పొదుగుడుకొచ్చి, ముట్టబోతే ఈకలు విరబోసుకుని గుర్రుమనడం మొదలెట్టాక, గంపలో ఊక పోసి, దాని మీద గడ్డి పరిచి, ఎంచిన గుడ్లు మాత్రమే కింద పెట్టేది. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని ఒక ఇనుప మేకు కూడా గడ్డిలో దూర్చేది. అది క్రైస్తవులు చేయవచ్చునా అని నాన్నగారు నవ్వేవారు. వారం పోయాక గుడ్డును గుప్పిట్లో పట్టుకుని తలుపు సందులోంచి వచ్చే ఎండకు అడ్డం పెట్టి, లోపల ఎర్రని దారాలు అల్లుకోవడం నాకు చూపించేది. అంత అందమైనది నేను తరవాత ఏ అద్దాల బీరువాలోనూ చూడలేదు.

పెట్టపిల్లలు మాకు ఉండిపోయేవి. పుంజులు ఎదిగాక దొడ్డిదారిన ఎవరెవరో వచ్చి పట్టుకుపోయేవారు. ఎక్కడికో అమ్మకు తెలుసు, నాన్నగారికీ తెలుసు. తెలుసునని ఒకరికొకరు చెప్పుకోలేదు. పందేలు పాపమని చర్చిలో బోధించిన ఆదివారాల్లో అమ్మ చాప మీద గీతలు గీస్తూ కూర్చునేది.

ఒక ఏడు ఊరి చివర తోటలో పందెం జరుగుతుండగా, కాలికి కత్తి కట్టిన పుంజు ఒకటి బరి దాటి జనం మీదికి ఎగిరింది. మా చర్చి సంఘంలోని కుర్రవాడొకడికి మోకాలి వెనక నరం తెగింది. అతను ఏలూరు కాలవ గట్టున నడుస్తూ తాడుతో పడవలు లాగేవాడు. ఆ ఇంటికి అదే అన్నం. ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు గాని కాలు మళ్లీ నేలకు సరిగా ఆనలేదు.

తరవాతి ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు అతని తల్లి ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడింది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"అయ్యా, ఆ పుంజు ఎవరింట్లో పెరిగిందండీ? మావాడు ఎర్రదంటున్నాడండి. నాకు తెలియాలండి."

గూడెంలో డేగలు ఎవరింట ఉన్నాయో తెలియని పిల్లవాడు కూడా లేడు. ఎవరూ తల తిప్పి మా వైపు చూడలేదు, అదే భరించలేకపోయాను. అమ్మ చెయ్యి నా చేతి మీద చల్లగా పడి ఉంది. లేవబోయిందని ఈనాటికీ నా నమ్మకం. అంతలో ముందు వరసలో నాన్నగారు లేచారు.

"మా ఇంటిదేనమ్మా. పెంచింది నేనే."

ఆ మాటలతో నాన్నగారి వాక్య పఠనం పోయింది. సంఘ పెద్దలు మర్యాదగానే చెప్పారు. ఆయన మర్యాదగానే తలూపి, ఏడాదిపాటు గోడవార చివరి చాప మీద కూర్చున్నారు. బడిలో నన్ను పుంజు పంతులుగారమ్మాయి అనేవారు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, దేవుడి ఇంట్లో అబద్ధం ఎందుకాడారండీ అని. పెంచడానికి గింజలు తెచ్చింది నేను కాదా అని ఆయన బదులిచ్చి, పలకలు దిద్దుకోవడానికి కూర్చున్నారు.

కోళ్లన్నిటినీ అమ్మ కోయించి, పులుసు పెట్టి, ఆసుపత్రి అరుగు మీది బీదలకు పంపింది. మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. ఒక్క పెట్ట మాత్రం గుడ్లు పొదుగుతూ ఉంది. దాన్ని లేపడానికి చెయ్యి రాక, గంప మీద తడిగుడ్డ కప్పి, నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. కాలవలో పడవ ఎక్కితే గట్టు మీద లాగేవాళ్లు నడుస్తున్నారు. అమ్మ ఏలూరు వచ్చేదాకా ఆ గట్టు వైపు వీపు తిప్పి కూర్చుంది. గంపలో ఏమిటండీ అని పక్కవాళ్లు అడిగితే తడిగుడ్డ అంచులు లోపలికి దోపింది. ఆ గంప మాది కాకపోతే బాగుండునని నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. కొల్లేటిలో తాటిదోనె ఎక్కాక, నాచు వాసనల మధ్య, గుడ్డల కింద కిచకిచమని సన్నటి చప్పుడు మొదలైంది. ఇంకోసారైతే అమ్మ పొంగిపోయేది. ఆ వేళ చెంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మమ్మ గంప దించుకుని, పిల్లలను చూసి మురిసి, సంగతంతా విని తేలిగ్గా తీసేసింది.

"కోడి గంతేస్తే నీ తప్పేమిటే పిచ్చిదానా?"

"కత్తికే వెళుతుందని తెలిసి ఇచ్చానమ్మా," అంది అమ్మ. అమ్మమ్మ గంప ఎత్తుకుని దొడ్లోకి నడిచింది.

తిరిగొచ్చిన మర్నాటి నుంచి అమ్మ ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. ముందు ఆ తల్లి తలుపు తియ్యలేదు. అమ్మ వాకిట్లో నిలబడి నిలబడి వచ్చేసేది. పంతులుగారి భార్య వాకిట నిలబడటం వీధంతా చూసేది, నేనూ బడికెళుతూ చూసి తల దించుకునేదాన్ని. పెంచింది తనేనని అమ్మ ఆమెతో చెప్పిందట. ఎప్పుడు చెప్పిందో తెలియదు. ఒకనాడు నేను బడి నుంచి వస్తుంటే ఇద్దరూ ఒకే రోట్లో రోకళ్లు మార్చి మార్చి వేస్తూ వడ్లు దంచుతున్నారు. ఆ కుర్రవాడు అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. నాన్నగారి చేత తరవాత మళ్లీ వాక్యం చదివించారు గాని, అమ్మ మాత్రం మా దొడ్లో ఇంకెన్నడూ పెట్టను పొదగేయలేదు. లంకలో ఆ పిల్లలేమయ్యాయో అడగనూ లేదు.

ఇప్పుడు కోళ్లు మిషన్లలో పుట్టి లారీల్లో వస్తున్నాయి. మా మనవలకు గుడ్డు కింద వెచ్చగా ఒక తల్లి ఉండాలనే తెలియదు. దానికి నేను బెంగపడను, కాలం అలాంటిది. కాని ఈ పట్నంలో మేడ మీద నిలబడి వీధిలోకి చూసినప్పుడు మటుకు అనిపిస్తుంది, ఇక్కడ ఎవరూ ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. దించుకోవాలంటే ముందు ఎదుటివాళ్లు ఎవరో తెలియాలి కదా.